ఐసునీళ్ళలో ముంచిన చెయ్యి

యూసుఫ్‌గూడ,
ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చాక.

ప్రేమగల తెరెసా అక్కకు,

మీ మఠంలో ఫోను ముట్టుకోనివ్వరని మనవాళ్ళంతా జాలిపడతారు. నాకు మాత్రం అదే మేలయింది. ఫోనులో అవతలివాళ్ళు అడిగినదానికి ఊఁ కొట్టడం తప్ప నాకేం చేతనవును? కాగితం ముందు కూర్చుంటే ఎవరూ నన్ను చూడరు కాబట్టి మాట వస్తుంది. ఐదో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

ముందు మంచి కబురు చెబుతాను. నా చేతికి వచ్చింది పెద్ద జబ్బు కాదట. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. చిన్న ఆపరేషన్ చేస్తే సరిపోతుందట. ఈ మాట విని నీ మరిది రాజబాబు క్లినిక్ మెట్ల మీదే నిలబడి సిలువ గుర్తు వేసుకున్నారు. పక్కన ఇడ్లీలు అమ్మే ఆవిడ భయపడి, తన బండికేమైనా అయిందా అని వెనక్కి తిరిగి చూసుకుంది.

చెయ్యి సంగతి నీకు ఇంతవరకూ రాయలేదు. సినిమాల్లో నా చేతులు నటిస్తాయని చెప్పినప్పుడు, మరి ముఖం ఏం చేస్తుందని అడిగావు. ముఖం కొంగు చాటున కూర్చుంటుంది అక్కా. హీరోయిన్ డేట్లు అయిపోయి వెళ్ళిపోయాక, ఆవిడ దీపం వెలిగించేదో, తాళం తీసేదో, పూలు మాల కట్టేదో దగ్గరగా తీయాల్సినవి మిగిలిపోతాయి. వాటికి నన్ను పిలుస్తారు. నా చేతులు బాగుంటాయని మొదట కనిపెట్టింది మేకప్ నాగేశ్వరక్క. నీ మరిది లైట్‌మన్‌గా చేసే యూనిట్‌లోనే ఆమె కూడా. "ముఖం చూపియ్యమంటే సచ్చిపోతవు గానీ చేతులకేం సిగ్గే?" అని లాక్కుపోయింది. నిజమే, చేతులకు సిగ్గు లేదు. నేను నోరు విప్పి చెప్పలేనివన్నీ అవే చేసేవి.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. లైట్ల వేడికి చేతి మీద నెత్తురు పారే పచ్చగీతలు ఉబ్బుతాయి. కెమెరా దగ్గరికి వచ్చేసరికి అవి తాళ్ళలా కనిపిస్తాయి. అందుకని షాట్‌కి ముందు చేతులు పైకెత్తి కాసేపు కూర్చోవాలి, తరువాత ఐసునీళ్ళలో ముంచాలి. గీతలు లోపలికి పోయి చర్మం బిగుసుకుని పాలరాయిలా అవుతుంది. ఇది నాకు పళ్ళు తోముకోవడమంత అలవాటైపోయింది.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు కిరాయికిచ్చే బంగళా ఒకటుంది. అక్కడ ఒకరోజు గాజులు తొడుక్కునే షాట్ తీస్తూ కెమెరామన్ గారు ఆగిపోయారు. "ఇది కాదయ్యా, పోయిన షెడ్యూల్‌లో చేసిన చెయ్యి కావాలి" అన్నారు. "ఇదే సార్ ఆ చెయ్యి" అంది నాగేశ్వరక్క. "మరి బొటనవేలి పక్కన ఆ గుంటేంటి? నీడ పడుతోంది చూడు." అందరూ వచ్చి నా కుడిచేతిని చూశారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. గాజు నెట్టడానికి వేళ్ళలో బలం చాలడం లేదని మాత్రం తెలుసు. నాగేశ్వరక్క గుంటలో లేత రంగు పూసి, అంచుల్లో ముదురు రంగు కలిపి షాట్ అయిందనిపించింది. మెట్లు దిగుతూ మాత్రం, "పూత పూస్తే కెమెరా ఊకుంటది, చెయ్యి ఊకుంటదా? డాక్టర్‌కు చూపెట్టు" అంది.

ఎముకల డాక్టరు గారు కరెంటు పరీక్ష రాశారు. దగ్గర్లోని సెంటర్‌లో చేయించుకున్నాం. చేతి మీద బిళ్ళలు అంటించి, అక్కడక్కడ చిన్న షాకు ఇస్తారు. నా వేలు నన్ను అడగకుండానే ఎగిరింది. సూదిపరీక్ష కూడా ఉందిగానీ నేను బెదిరిపోతే అక్కర్లేదులే అని వదిలేశారు. చెయ్యి తెర మీద కనిపిస్తుందని ఎవరో అన్నారని, నేను ఐసునీళ్ళు డబ్బాలో పట్టుకుపోయి, లోపలికి పిలిచేదాకా అందులోనే ముంచి కూర్చున్నాను. తీరా చూస్తే తెర మీద వంకర గీతలే! "ఏంటమ్మా చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి?" అన్నాడు పరీక్ష చేసే అబ్బాయి. సిగ్గేసి నేలచూపు చూశాను. "ఈ ఏసీ ఒకటి" అని తనే సర్దుకున్నాడు. నువ్వు నవ్వుకుంటావని రాశాను.

ఆపరేషన్ బంజారాహిల్స్‌లో చేస్తారు. మీ సిస్టర్లందరినీ నా కోసం ఒక జపమాల చెప్పమను.

నీ చెల్లి,
లూర్దు

*

యూసుఫ్‌గూడ,
శుక్రవారం.

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. మఠంలో అందరికీ వినిపించకు.

ఆపరేషన్‌కి ముందు చేసే రక్తపరీక్షల కోసం ఆస్పత్రికి వెళ్ళాం. ఈయన కింద క్యూలో నిలబడితే నన్ను పైన వరండాలో కూర్చోబెట్టారు. ఎదురుగా నరాల పరీక్షల గది. తలుపు తీసే ఉంది. లోపల స్ఫూర్తి అనే అమ్మాయి ఒక పెద్దాయన మీద కేకలేస్తోంది.

"గింత చలిల బండి మీదొచ్చినవా పెద్దయ్యా? చేతులు చూడు, బరఫ్ లెక్కున్నయ్. జర గా గోరువెచ్చటి నీళ్ళల్ల పెట్టి కూసో."

"నాకు చలేస్తలేదమ్మా, పెట్టెయ్ నీ కరెంటు."

"నీకేస్తలేదు గానీ నీ నరానికి ఏస్తది. చల్లగుంటే కరెంటు లేటుగ పోతది. నరం నొక్కుకపోయిందని రిపోర్ట్ వస్తది. అసలు రోగం లోపల్నే దాక్కుంటది. గప్పుడు నన్ను తిడ్తవు."

ఆ పెద్దాయన నవ్వుతూ చేతులు నీళ్ళలో పెట్టాడు. నేను నా చేతులు ఒడిలో దాచుకున్నాను. నా రిపోర్టులో రాసింది కూడా అదే కదా, కరెంటు ఆలస్యంగా వెళ్తోందని. ఆ ఆలస్యం నా నరానిదో, నా డబ్బాలో ఐసుదో నాకేం తెలుసు? నాకే కాదు, డాక్టరుకీ తెలియదు. ఐసు సంగతి తెలిసింది నాకొక్కదానికే.

లేచి ఆ గదిలోకి వెళ్ళి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను లేవలేదు. పిలిచి రక్తం తీసుకున్నాక ఈయన పైకి వచ్చి, చేతికి దూది అంటించుకున్న నన్ను చూసి, "రక్తం ఇచ్చినందుకు చెరుకురసం తాగిద్దాం పద" అన్నారు. వెళ్ళి తాగాను.

అక్కా, నాకింకో సంగతి కూడా తెలుసు. ఆ గుంట చుట్టూ చర్మం కింద ఏదో అదురుతూ ఉంటుంది. చీమ పాకినట్టు కాదు, లోపల ఎవరో వేలితో పొడుస్తున్నట్టు. ఈమధ్య భుజం మీద కూడా కనిపించింది. బండి మీద కూర్చున్నప్పుడు ఇదివరకు ఈయన నడుం చుట్టూ కుడిచెయ్యి వేసేదాన్ని. ఇప్పుడు ఎడమచెయ్యి వేస్తున్నాను. కుడిచెయ్యి వేస్తే ఆ అదురు ఈయనకు తెలిసిపోతుందని.

ఈయన సంతోషం నువ్వు చూడాలి. కింద వాటాలో ఉండే ఎల్లమ్మ గారితో, "ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ చేతులకి ఇన్సూరెన్స్ చేయిస్తానండీ, హీరోలు ముక్కుకి చేయించుకున్నట్టు" అంటున్నారు. "ముందు ఆమె నోటికి చేపియ్, వాడకుంటే తుప్పు పడ్తది" అందావిడ. ఇద్దరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఎవరినీ ఏదీ అడగని మనిషి, ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, వేసవిలో మొదలయ్యే సినిమాకి నా చేతులే పెట్టుకోమని బతిమాలి మాట తీసుకొచ్చారు. గుణదల మాతకు మొక్కుకున్నారు.

నేను చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఆపరేషన్ చేయించుకుంటాను. మణికట్టు కోస్తే కోయనీ. బాగుపడకపోతే అప్పుడు ఎలాగూ తెలుస్తుంది. అప్పటిదాకా ఈ ఇంట్లో ఈ నవ్వు ఉంటుంది. అది అబద్ధమా అక్కా? నేనేమీ అనలేదు కదా. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఈ ఒక్కటీ మాట్లాడకపోతే తప్పా? నాకు భయంగా ఉంది. ఈ మాట నీకు రాయగలుగుతున్నాను, అంతే.

నాకు బుద్ధులు చెబుతూ జవాబు రాయకు. ఉత్తరం వచ్చిందని మాత్రం రాయి.

లూర్దు

*

యూసుఫ్‌గూడ,
మంగళవారం.

అక్కా,

నువ్వు బుద్ధులు రాయలేదు. కార్డు మీద ఒక్క ప్రశ్న రాశావు: "రాజబాబుకి తెలుసా?" అని. ఇప్పుడు తెలుసు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరడానికి బట్టల సంచీతో వెళ్ళాం. ఈయన కౌంటర్ దగ్గర కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. పేషెంటుకి ఏమవుతారు అని అడిగితే, "మొగుణ్ణండీ" అని గట్టిగా చెప్పి, మళ్ళీ సిగ్గుపడి, "భర్తని" అన్నారు. కోయబోయేది ఈయన చెయ్యే అన్నంత శ్రద్ధగా చదివి చదివి సంతకం పెడుతున్నారు. ఆ వంగిన వీపును చూస్తూ నిలబడలేకపోయాను. ఈయన సంతకం పెడుతున్నది నా డబ్బాలో ఐసు కింద అని నాకు తెలుసు. మెట్లెక్కి స్ఫూర్తి గది ముందుకు వెళ్ళాను.

"ఏం గావాలమ్మా?" అంది. రిపోర్టు చేతిలో పెట్టాను. "ఇది ఈడ చేసింది గాదు. అయితే ఏంది?" అంది. "ఐసులో పెట్టాను" అన్నాను. "ఏంది ఐసుల?" "చేతులు. పరీక్షకి ముందు. సినిమా వాళ్ళం కదా, అలవాటు." ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, తరువాత నా కుడిచెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది. "కూసో అక్కా" అంది. అప్పటిదాకా అమ్మా అన్న పిల్ల అక్కా అంది. అదే నాకు మొదటి రిపోర్టు.

ఆపరేషన్ ఆపించి, నరాల డాక్టరు సూర్యప్రకాశరావు గారిని పిలిపించింది. ఈయన పరుగెత్తుకుంటూ వచ్చారు. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు నానబెట్టి, వేడి చూసి, మళ్ళీ కరెంటు పెట్టారు. ఆలస్యం మాయమైంది. మణికట్టులో ఏ నొక్కూ లేదు. ఈయన మొహం వెలిగిపోయింది. "అంటే ఏమీ లేదా సార్?" అన్నారు. డాక్టరు గారు సూదిపరీక్షకి సిద్ధం చేయమన్నారు.

సన్నటి సూది అక్కా, నొప్పి పెద్దగా లేదు. అది కండలో ఉండగా యంత్రం దాని చప్పుడు వినిపిస్తుంది. "చెయ్యి పూర్తిగా వదిలెయ్యమ్మా. వదిలేస్తే ఏ చప్పుడూ రాకూడదు" అన్నారు. వదిలేశాను. చిటపట, చిటపట, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు. "వదిలెయ్యమ్మా." "వదిలేశానండీ." అయినా ఆగలేదు. బొటనవేలి మొదట్లో గుచ్చినా అంతే. ముంజేయి, భుజం, కాలిపిక్క, అంతటా గుచ్చి చూశారు. నేను కదలకుండా పడుకున్నాను, నా ఒళ్ళు మాత్రం మాట్లాడుతూనే ఉంది.

తరువాత డాక్టరు గారు తెర మీద రెండు గీతలు చూపించారు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

"ఈ పొట్టిది ఆ గుంట పడిన కండది, పొడుగుది చిటికెనవేలి వైపు కండది. ఈ రెండింటికీ కరెంటు ఒకే నరంలోంచి వస్తుంది, రాజబాబూ. నరం నొక్కుకుపోతే రెండూ తగ్గాలి."

ఈయన ఆ గీతల వైపే చూస్తూ అన్నారు: "ఒకే కేబుల్ మీద రెండు లైట్లు సార్. ఒకటి బాగా వెలుగుతోందంటే కేబుల్‌లో తప్పు లేనట్టే."

"సరిగ్గా చెప్పారు."

"బల్బు పోయిందా?"

"బల్బూ కాదు."

"అయితే బాక్సులో, ఆ లైటు తాలూకు ఫ్యూజు."

"అవును. వెన్నుపాములో కండల్ని నడిపించే కణాలుంటాయి. ఒక్కొక్క గుంపు ఒక్కొక్క కండకి. అవి ఆరిపోతున్నట్టున్నాయి."

"ఫ్యూజు మార్చేయండి సార్."

"ఆ బాక్సులో మార్చలేం, రాజబాబూ."

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఈయన మొహం చూసి తెలుసుకున్నాను. డాక్టరు గారు మంచివారు. ఈ పరీక్ష ఒక్కటే చూసి ఏదీ తేల్చేయకూడదని, మెడ స్కానింగూ రక్తపరీక్షలూ చేసి, నయమయ్యే జబ్బులేవీ కావని రూఢి చేసుకున్నాకే పేరు పెట్టాలని చెప్పారు. పేరు మాత్రం అడిగితే చెప్పారు. మోటార్ న్యూరాన్ జబ్బు. ఆపరేషన్ చేసి ఉంటే కోత మిగిలేది, కాలం పోయేది అన్నారు.

కిందికి వచ్చాక, పార్కింగ్‌లో బండి పక్కన నిలబడి ఈయన అడిగారు.

"ఐసు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"రక్తం ఇచ్చిన రోజు."

"చెరుకురసం తాగిన రోజా?"

తలూపాను.

"అంటే, నేను మంచి కబురు మోసుకుంటూ ఊరంతా తిరుగుతుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఎల్లమ్మ గారితో, మేనేజర్‌తో, అందరితో చెప్పాను. నువ్వు పక్కనే నిలబడి నవ్వావు కూడా."

"మీరు సంతోషంగా ఉన్నారని..."

"నా సంతోషం నువ్వు దూరంగా కూర్చుని చూసుకోడానికి సినిమానా లూర్దూ?"

అంతే, మళ్ళీ మాట్లాడలేదు. ఇంటికి తెచ్చి దింపి, నాగేశ్వరక్కని తోడుండమని చెప్పి షూటింగ్‌కి వెళ్ళిపోయారు. రోజులు గడిచినా అంతే. అన్నం తింటారు, మందులు తెస్తారు, స్కానింగ్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తారు. నా మొహం చూడరు. ఇంతకాలం మాట్లాడనిది నేను కదా, ఆయన మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. ఆయన నాతో ఇన్నేళ్ళు ఇలాగే ఉన్నారా అక్కా?

పెన్ను జారిపోతోంది. ఇంక ఉంటాను.

లూర్దు

*

యూసుఫ్‌గూడ,
ఆదివారం.

పూజ్యులైన వదినగారికి,

రాజబాబు నమస్కరించి వ్రాయునది. మీ చెల్లెలు చెబుతుంటే ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. తను కలం పట్టుకోగలదుగానీ, పట్టుకుంటే సాయంత్రం దాకా వేళ్ళు మాట వినవు. డాక్టరు గారు అలుపు రానివ్వద్దన్నారు. ఇంక తను చెప్పేదే రాస్తాను.

అక్కా, ఈయన పూజ్యులైన అని పెట్టారు, నేను చెప్పలేదు. నువ్వు నవ్వుతావని చెప్పినా వినలేదు.

స్కానింగుల్లో ఇంకే కారణమూ కనిపించలేదు. డాక్టరు గారు ఆ పేరే ఖాయం చేశారు. జబ్బు తగ్గదట. దాని నడకను కాస్త నెమ్మది చేసే మాత్ర ఒకటుందట, వేసుకుంటున్నాను. ఎడమచెయ్యి ఇంకా బాగానే ఉంది. వేళ్ళకు వ్యాయామం నేర్పడానికి ఒక అమ్మాయి వస్తోంది. ఇది ఎంత తొందరగా నడుస్తుందో మనిషిని బట్టి ఉంటుందని, మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ చూస్తామని అన్నారు. ఈయన అన్నీ అడిగారు, నేను పక్కన కూర్చున్నాను.

వదినగారూ, పక్కన కూర్చోలేదు. తనే అడిగింది. మింగడం కష్టమవుతుందా, మాట పోతుందా అని అడిగింది. పోవచ్చు, ఇప్పుడే కాదు అన్నారు. ఆ గదిలో తను అంత స్పష్టంగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

సరే అక్కా, అడిగాను. మాట పోవచ్చని తెలిశాకే నాకు తొందర పుట్టింది. ప్రొడక్షన్ మేనేజర్‌కి కూడా నేనే ఫోను చేశాను. ఈ చేతులు ఇంక రావండీ, మా ఆయన మాట తప్పారని అనుకోకండి అని చెప్పాను. ఆయన, "ఎవరమ్మా మాట్లాడేది?" అని రెండుసార్లు అడిగారు. నా గొంతు ఆయనెప్పుడూ వినలేదు కదా.

ఈయన మాట్లాడటం ఎలా మొదలైందో చెప్పనా? చెప్పొద్దు అంటున్నారు. చెబుతాను, రాయండి. నీకు ఉత్తరం రాయాలని కూర్చుని, పెన్ను జారి జారి, విసుగొచ్చి కాగితం ఈయన ముందు పెట్టాను. ఈయన పెన్ను తీసుకుని, "చెప్పు" అన్నారు. అదే మొదటి మాట. తీరా చెబుదామంటే నా దగ్గర మాటే లేదు అక్కా. నీకు రాసేవన్నీ ఈయన వినకూడనివే. ఇప్పుడు నీ దాకా పోవాలంటే ఈయన చెవిలోంచే పోవాలి. ఇంతసేపూ మాత్రల గురించీ మేనేజర్ గురించీ చెప్పి తప్పించుకున్నాను.

వదినగారూ, తను ఆగింది. కుక్కర్ కూత పెడితే వెళ్ళి ఆపి వచ్చాను.

అక్కా, పోయిన ఉత్తరంలో, కాదు, దాని ముందు ఉత్తరంలో నీకొక మాట రాశాను. అది ఈయనకెప్పుడూ చెప్పలేదు. రాయండి. నాకు భయంగా ఉంది. రాశారా? మళ్ళీ రాయండి. చెయ్యి గురించి కాదు. అన్నం తినిపించడం, తల దువ్వడం, మాట పోయాక నా కళ్ళు చూసి ఏం కావాలో కనుక్కోవడం, ఇవన్నీ ఈయన మీద పడతాయని. చేస్తూ చేస్తూ నా మీద విసుగు పుడుతుందని. విసుగు పుట్టినా చెప్పరని. నేను చేసినట్టే నవ్వుతూ దాచేస్తారని. అది నాకు జబ్బుకంటే ఎక్కువ భయం.

వదినగారూ, ఇక్కడ నేను తనని ఒకటి అడిగాను. ఇది మీకు చెబుతోందా, నాకా అని. ఇద్దరికీ అంది. అందుకని జవాబు కూడా ఇక్కడే రాస్తున్నాను, మీరే సాక్షి. నాకు విసుగు వస్తుంది. లైట్లు మోసి వచ్చిన రోజున తప్పకుండా వస్తుంది. వచ్చిన రోజు విసుగొచ్చింది అని పైకే చెబుతాను, అరుస్తాను కూడా. తను కూడా నా మీద అరవాలి. గొంతు ఉన్నన్ని రోజులు గొంతుతో, తరువాత కళ్ళతో. నాకు కూడా భయంగా ఉంది.

అక్కా, ఆయనేం రాశారో చూపించమంటే కాగితం ఇవ్వలేదు, చదివి వినిపించారు. ఆఖరి మాట మళ్ళీ చదవమన్నాను. చదివారు.

అన్నం చల్లారిపోతోంది. ఇంక ముగించమంటున్నారు. లేదు, నేనే ముగించమంటున్నాను. ఆయనకింకా ఏదో రాయాలని ఉంది.

చెప్పింది లూర్దు,
రాసింది రాజబాబు